పుదుచ్చేరిలో ఒక పొరపాటు

ఎల్.టి.సి. మంజూరైనదనగానే మన ఉద్యోగుల ఇళ్లలో అటక మీది పెట్టెల కంటె ముందుగా వెలువడేది ఒక జాబితా. ఏ రోజు ఏ ఊరు, ఏ ఊరిలో ఏ గుడి, ఏ పూట ఎక్కడ భోజనం, అన్నీ అందులో వరుసగా ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో మేము మా మిత్రునితో కలిసి పుదుచ్చేరికి బయలుదేరినప్పుడు మా చొక్కా జేబులోనూ అటువంటిది ఒకటి ఉన్నది. రెండు పగళ్లలో పదునాలుగు స్థలాలు చూడాలని సంకల్పం. చివరకు నాలుగు పగళ్లు ఉన్నాము, చూసినవి తొమ్మిది. ఆ తేడాకు కారణం ఒక ప్రమాదం. ఆ ప్రమాదానికి కారణం మేము. యాత్రా విశేషాలతో పాటు ఆ సంగతి కూడా సాటి ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు విన్నవించుకోవాలని ఈ నాలుగు మాటలు.

మా మిత్రుడు, మేము ఒకే విభాగంలో ఇరువది ఏళ్లకు పైగా పనిచేస్తున్నాము. విదేశయాత్ర ఇద్దరికీ చిరకాల వాంఛ. పాస్‌పోర్టు ఇద్దరికీ లేదు. "పాస్‌పోర్టు అడగని ఫ్రాన్సు ఒకటున్నది, పదవోయ్" అన్నాడు మిత్రుడు. సరదాకు అన్న మాటే గాని అందులో చరిత్ర లేకపోలేదు. 1674లో ఫ్రెంచి వర్తకులు కాలూనినది మొదలు 1954 వరకు, నడుమ డచ్చివారు, ఆంగ్లేయులు ఆక్రమించిన కాలాన్ని మినహాయిస్తే, పుదుచ్చేరి పరదేశమే. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఆ పరదేశంలో ఒక ముక్కే. నాడు యానాం సరిహద్దు దాటాలంటే సుంకపు తనిఖీ తప్పేది కాదు.

పిల్లల పరీక్షల వలన ఇంటివారు రాలేకపోయారు. విశాఖపట్నం నుండి రైలులో చెన్నై చేరి, అక్కడ మిత్రుని బావమరిది కారు తీసుకుని తూర్పు తీరపు రహదారి మీద దక్షిణంగా సాగాము. చెన్నై నుండి పుదుచ్చేరి సుమారు నూట యాభై కిలోమీటర్లు. ఎడమ వైపు చెట్ల సందుల నుండి సముద్రం కనపడుతూ మాయమవుతూ ఉంటుంది. మహాబలిపురంలో ఉదయపు ఫలహారం. కల్పాక్కం దాటినాక, మరక్కాణం దగ్గర ఉప్పుమడులు. తెల్లగా కుప్పలు పోసిన ఉప్పును చూసినప్పుడు మాకు మన నౌపడ గుర్తుకు వచ్చింది.

పట్టణం సమీపిస్తుండగా ఒక వింత గమనించాము. పుదుచ్చేరి ప్రాంతం ఒకే ముద్దగా ఉండదు. తమిళనాడు గ్రామాల నడుమ తునకలు తునకలుగా చెదిరి ఉంటుంది. 18వ శతాబ్దపు యుద్ధాలలో, సంధులలో గ్రామం వెంట గ్రామంగా చేతులు మారిన భూమి అది. ఆ గీతలు నేటికీ నిలిచి ఉన్నాయి. కొద్ది దూరంలోనే రాష్ట్రం మారి, మళ్లీ మారే చోట్లు ఉన్నాయి. "ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాం?" అని ఒకరినొకరు అడుగుకుంటూ నవ్వుకున్నాము. ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు.

మధ్యాహ్నం రెండు గంటల వేళ పట్టణంలో ప్రవేశించాము. పుదుచ్చేరి వీధులు కొలబద్ద పెట్టి గీసినట్లు తిన్నగా ఒకదానినొకటి ఖండిస్తూ ఉంటాయి. 1693లో ఊరిని పట్టి ఆరేళ్లు ఏలిన డచ్చివారు వేసిన పథకమే దీనికి మూలమంటారు. కాలువకు తూర్పున ఫ్రెంచివారి పేట, పడమట తమిళుల పేట. మధ్యాహ్నం పూట కొట్లు మూసి ఊరు కునుకు తీస్తుంది. అటువంటి నిర్మానుష్యమైన వీధిలో, ఫోనులో దారి చూస్తూ, "కుడికి తిరుగు", "కాదు ఎడమకు" అని వాదులాడుకుంటూ, ఎదురు నుండి రాకూడదని బోర్డు ఉన్న వీధిలోకి మలుపు తిరిగాము. మలుపులో సైకిలు మీద వస్తున్న ఒక వృద్ధుడు మా కారు ముందుభాగం తగిలి పడిపోయాడు.

ఆ సమయంలో స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నదో లైసెన్సు పరిశీలించిన పోలీసువారికి తెలుసు. ఇక్కడ మాత్రం "మేము" అనే రాస్తున్నాము. ఎందుకంటే ఆ తరువాతి క్షణం ఇద్దరిదీ. వీధిలో ఎవరూ లేరు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఊరు మనది కాదు, భాష మనది కాదు, కారు మనది కాదు. "ఎవరూ చూడలేదు" అన్న మాట ఒకరి నోట వెలువడింది. రెండవవారు దానిని ఖండించలేదు. కారు నాలుగు గజాలు ముందుకు కదిలింది కూడా. అద్దంలో చూస్తే ఆ పెద్దాయన లేవడానికి ప్రయత్నించి లేవలేక, రోడ్డు మీద చెదిరిన మందుబిళ్లల పొట్లాన్ని చేతితో దగ్గరకు తీసుకుంటున్నాడు. కారు ఆగింది. ఎవరు ఆపమన్నారో ఇద్దరికీ జ్ఞాపకం లేదు.

ఏటా మార్చి 4వ తేదీన జాతీయ భద్రతా దినోత్సవంనాడు కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చేసేవాళ్లలో మేమూ ఉన్నాము. క్రేను కింద నిలువరాదని, తాళం వేయని యంత్రం మీద చేయి పెట్టరాదని కొత్తగా చేరిన కుర్రవాళ్లకు బోధించిన వాళ్లము. ఆ బోధ అంతా గేటు లోపలనే విడిచి వచ్చినట్లు ఆ నాలుగు గజాలలో తెలిసివచ్చింది.

గుంపు చేరుతుందని, కొడతారని భయపడ్డాము. చేరినది ముగ్గురు. చెట్టు నీడన ఆటోలో నిద్రిస్తున్న యువకుడు లేచి వచ్చాడు. ఎదురింటి తలుపు తీసి ఒక మహిళ చెంబుతో నీళ్లు తెచ్చింది. పూలమ్మే మరొకామె సైకిలును పక్కకు లాగింది. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అది దెబ్బల కంటె కష్టంగా ఉన్నది. ఆటోలో పెద్దాయనను ఎక్కించుకుని పట్టణంలోని ఒక ఆసుపత్రికి వెళ్లాము. దారిలో మేము వచ్చీరాని ఇంగ్లీషులో, చేతి సైగలతో క్షమాపణ చెప్పుకుంటుంటే ఆయన మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూసి, "ఆయ్, కంగారు పడకండి. నా ప్రాణానికేం కాలేదండి" అన్నాడు.

అచ్చమైన గోదావరి తెలుగు! మాకు నోట మాట రాలేదు.

తరువాత తెలిసినది ఇది. ఆయన పుదుచ్చేరి ప్రభుత్వంలో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకున్న తమిళుడు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగూ ఒకే పాలన కింద ఉన్నందున అక్కడి ఉద్యోగులకు సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలోని యానాంకు బదిలీ కావడం మామూలే. ఆయన అక్కడ ఆరేళ్లు పనిచేశాడు. తెలుగు అక్కడ అబ్బినది.

చీలమండ దగ్గర ఎముక సన్నగా చిట్లిందని, ఆరు వారాలు పిండికట్టు ఉండాలని వైద్యులు చెప్పారు. అక్కడి నుండి మేమే పోలీసు స్టేషనుకు వెళ్లాము. మోటారు వాహనాల చట్టం, 1988లోని 134వ సెక్షను ప్రకారం ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడిన వారికి వైద్యసహాయం అందేలా చూడాలి. వీలైనంత త్వరగా, ఇరువది నాలుగు గంటలు మించకుండా పోలీసులకు తెలపాలి. బీమా సంస్థకూ తెలియజేయాలి. దారిన పోయే వారు సహాయం చేస్తే వారిని కేసులలో ఇరికించరాదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో అది చట్టంలోనే 134ఏ సెక్షనుగా చేరింది. ఆటో యువకుని నుండి స్టేషనులో పేరు కూడా అడగలేదు. ఎర్రని ఫ్రెంచి టోపీ ధరించిన కానిస్టేబులు ఒకరు మా వాంగ్మూలం రాయడంలో తోడ్పడ్డాడు. కేసు నమోదు అయినది. తనిఖీ పూర్తి అయ్యే వరకు కారు స్టేషను ఆవరణలోనే ఉండిపోయింది. కొంతకాలానికి కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా చెల్లించాము.

ఆ సాయంకాలం పెద్దాయనను ఇంటికి చేర్చాము. తమిళ పేటలో పెంకుటిల్లు; ముందు కొయ్య స్తంభాల వసారా, కూర్చోవడానికి అరుగు. ఆయన భార్య మమ్మల్ని చూసి తమిళంలో ఏమేమో అన్నది. భాష తెలియకపోయినా భావం తెలిసింది. ఆమె గుండె జబ్బుకు మందులు తేవడానికే ఆయన మధ్యాహ్నం ఎండలో బయలుదేరాడట. మిత్రుడు జేబులో నుండి డబ్బు తీశాడు. పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు.

"డబ్బు సంగతి బీమావాళ్లతో నేను చూసుకుంటానండి. మీరు మూడు పనులు చేయండి. ఒకటి, మట్టిలో పడ్డ మందులు మళ్లీ కొని తెండి. రెండు, సైకిలు చక్రం బెండు తీయించండి. మూడు, నేను రోజూ సాయంత్రం సముద్రం దాకా వెళ్లి వస్తానండి. ముప్ఫై ఏళ్ల అలవాటు. ఆరు వారాలు ఇక కుదరదు. కారు వచ్చేదాకా ఎలాగూ ఉంటారు కదా, నా బదులు మీరు ఊరు చూసి వచ్చి నాకు చెప్పండి."

మొదటి రెండు పనులు ఆ రాత్రికే అయినవి. మూడవది అంత సులువు కాలేదు.

మరునాడు జాబితా పట్టుకుని కాలినడకన తిరిగాము. మణకుళ వినాయకుని దర్శించుకున్నాము. శ్రీ అరవిందుల ఆశ్రమంలో సమాధి దగ్గర పూల పరిమళంలో మౌనంగా కూర్చున్నాము. 1910 ఏప్రిల్ 4న ఆంగ్లేయుల నిఘా నుండి తప్పుకుని ఆయన అడుగుపెట్టినదీ, 1908 నుండి 1918 వరకు సుబ్రహ్మణ్య భారతి ప్రవాసమున్నదీ ఈ పట్టణంలోనే. బ్రిటిషువారికి అందని పరాయి నేల కావడమే నాడు మన దేశభక్తులకు రక్ష అయినది. సముద్రపు ఒడ్డున 1836 నాటి పాత దీపస్తంభం, జింజి నుండి తెచ్చిన శిలాస్తంభాల నడుమ గాంధీజీ విగ్రహం, మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన వారి స్మారకం చూశాము. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇవన్నీ తేదీలతో సహా అప్పజెప్పాము.

పెద్దాయన ఓపికగా విన్నాడు. "అవన్నీ బోర్డుల మీద ఉన్నవేనండి. నేనే చదివి మీకు చెప్పగలను. ఇసుక ఎంత దాకా వచ్చింది?" అని అడిగాడు.

మేము తెల్లముఖం వేశాము.

అప్పుడు చెప్పాడు. ఆయన యవ్వనంలో ఆ ఒడ్డున వెడల్పైన ఇసుక ఉండేదట. తూర్పు తీరాన ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి మోసుకుపోతాయి. 1980ల చివర పట్టణానికి దక్షిణాన నౌకాశ్రయానికి రాతిగోడలు కట్టగా ఆ ఇసుక గోడకు దక్షిణాన నిలిచిపోయింది. ఉత్తరాన ఉన్న పట్టణపు ఒడ్డును సముద్రం కోసివేసింది. ఒడ్డు తెగకుండా నల్లని బండరాళ్లు పోశారు. ఒక తరం పిల్లలు ఇసుక లేని సముద్రాన్నే చూసి పెరిగారు. తరువాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి పథకంతో నీటి అడుగున కృత్రిమ గట్టు ఒకటి ఏర్పరచగా 2019 నాటికి కొంత మేర ఇసుక మళ్లీ వచ్చింది. ఆ ఇసుక ఎన్ని అడుగులు పెరిగినదో, ఎన్ని తగ్గినదో చూసుకోవడమే ఆయన సాయంకాలపు నడక. విశాఖలో రామకృష్ణా బీచి కోతను, నౌకాశ్రయంవారు ఇసుక తవ్వి తెచ్చి పోయడాన్ని ఎరిగిన మాకు ఆ దిగులు వెంటనే అర్థమైనది.

మూడవ రోజు జాబితాను హోటలు గదిలోనే వదిలి వెళ్లాము. తెల్లవారకముందే సముద్రం దగ్గరకు చేరాము. సాయంత్రం నుండి ఉదయం దాకా ఆ రోడ్డు మీదకు వాహనాలను రానివ్వరు; ఊరంతా నడుస్తూ కనిపిస్తుంది. గాంధీ విగ్రహం నుండి ఇసుక అంచు దాకా మిత్రుడు అడుగులు కొలిచాడు. 2022 మార్చిలో అలల తాకిడికి నడిమి భాగం కూలిన పాత వంతెన దగ్గర ఒక జాలరి గాలం వేసి ఉన్నాడు. ఏ చేప పడిందో అడిగి తెలుసుకున్నాము. నీలి పలకల మీద ఫ్రెంచిలోను, తమిళంలోను రాసిన వీధుల పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాము. ఒక చోట బుస్సీ పేరు కనిపించింది. 1757లో బొబ్బిలి కోట మీద ఫిరంగులు ఎక్కుపెట్టిన ఆ బుస్సీయే! ఉత్తరాంధ్రలో కథలలో విన్న పేరు ఇక్కడ గోడ మీద ప్రశాంతంగా ఉన్నది. పైగా ఆ వీధికి ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టారు.

అంగళ్ల వీధుల వైపు ఆనంద రంగ పిళ్లె భవనం చూశాము. డూప్లే దొరకు ద్విభాషీగా ఉండి, 1736 నుండి 1761 వరకు దినచర్య రాసి, ఒక యుగాన్ని కళ్లకు కట్టినవాడు ఆయన. కస్తూరి రంగకవి తెలుగులో రచించిన ఛందోగ్రంథం "ఆనందరంగరాట్ఛందము" ఆయన పేరిట వెలసినదేనని మా సాహిత్యాభిమానులకు తెలుసు. తమిళనాట, ఫ్రెంచివారి కొలువులో ఉన్న పెద్దమనిషికి తెలుగు ఛందస్సు మీద మక్కువ! భాషలకు సరిహద్దు తనిఖీలు లేవు గదా.

భారతి ఉద్యానంలోని ఆయి మండపం దగ్గర చాలాసేపు కూర్చున్నాము. స్థలకథ ఇలా ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు ఈ ప్రాంతానికి వచ్చి, దీపాలతో వెలుగుతున్న ఒక మందిరాన్ని దేవాలయమనుకుని చేతులు జోడించాడట. అది ఆయి అనే దేవదాసి ఇల్లని తెలిసి ఆగ్రహించి కూల్చమన్నాడట. ఆమె తానే దానిని కూల్చుకుని, ఆ చోట ఊరి జనం కోసం చెరువు తవ్వించింది. కొన్ని శతాబ్దాల తరువాత ఫ్రెంచివారు ముత్తిరపాళయం నుండి పట్టణానికి మంచినీరు తెచ్చినప్పుడు ఈ కథ విని, మూడవ నెపోలియన్ కాలంలో ఆమె పేరిట ఈ తెల్లని మండపం నిర్మించారు. పొరపాటు రాజుది, ఇల్లు పోయినది ఆమెది, నీరు దక్కినది ఊరికి. ఆ మాట తలచుకున్నప్పుడు మాకు పిండికట్టుతో అరుగు మీద కూర్చున్న పెద్దాయన కళ్లలో మెదిలాడు.

ఆ సాయంత్రం చెప్పవలసినది చాలా ఉన్నది. ఇసుక కొలత చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. గాలం వేసిన జాలరిని గుర్తుపట్టి నవ్వాడు. తన సంగతులూ చెప్పాడు. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారతదేశం చేతికి వచ్చినప్పుడు ఆయనకు ఏడేళ్లు. తండ్రి భుజాల మీద కూర్చుని మువ్వన్నెల జెండా చూశాడట. అంతకు కొద్ది రోజుల ముందు అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేయగా 170 మంది విలీనం కోరారు. యానాం జూన్ 13నే విముక్తి పొందింది. 1962 ఆగస్టు 16న ఒప్పందం అమలులోకి వచ్చినాక, కోరినవారు ఆరు నెలలలోగా ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవచ్చునన్నారు. ఈయన అన్న దానిని ఎంచుకుని ఫ్రాన్సుకు వెళ్లాడు; ఈయన ఉండిపోయాడు. "ఒక కంచంలో తిన్నవాళ్లం. ఒకడు పరదేశి అయ్యాడు. ఎవడు పరదేశో ఇప్పటికీ తేలలేదండి" అన్నాడు.

మిత్రుడు ఆనాటి వరకు దాచుకున్న మాట అప్పుడు బయట పెట్టాడు. "పెద్దాయనా, ఆ రోజు మేము ఆగకుండా పోదామనుకున్నాం."

"తెలుసండి. కారు కదలడం చూశాను గదా" అన్నాడాయన. కొంతసేపు ఊరుకుని, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి సంగతి చెప్పాడు. ఆ తుపాను యానాంను, కోనసీమను తుడిచిపెట్టిన రాత్రి ఆయన యానాంలోనే ఉన్నాడు. అద్దె ఇంటి కప్పు ఎగిరిపోతే చీకటిలో ఏదో గుమ్మం కొట్టాడు. లోపలివారు దొంగేమోనని ముందు తెరవలేదట. "మళ్లీ కొట్టాను. తెరిచారు. మూడు రోజులు వాళ్ల అన్నం తిన్నాను. ముందు ఎందుకు తెరవలేదని అడగలేదండి. చివరికి తెరిచారు గదా."

ఇంటి లోపల నుండి ఆయన భార్య వచ్చి మూడు గ్లాసులలో కాఫీ పెట్టి వెళ్లింది. మాట్లాడలేదు. కాఫీ మాత్రం మొదటిసారి ఇచ్చింది.

నాలుగవ రోజు కారు చేతికి వచ్చింది. సెలవు తీసుకుని తిరుగు ప్రయాణమైనాము. దారి పొడుగునా ఫోను చూడడం ఒకరి పని, నడపడం ఒకరి పని అని పంచుకున్నాము. దారి తప్పితే ఆగి మనిషిని అడిగాము. ఆ తుపాను రాత్రి ఆయనకు గుమ్మం తెరిచిన ఇంటివారి మాట ఇద్దరి మనసులలోనూ మెదులుతూనే ఉన్నది. ప్రమాదం తరువాత ఆగడం గొప్పతనమేమీ కాదు, కనీస ధర్మం. ఆ ధర్మానికి నాలుగు గజాలు ఆలస్యంగా వచ్చిన వాళ్లము గనుక ఇతరులకు నీతి చెప్పే అర్హత మాకు లేదు. అయినా ఒక్క మనవి: గేటు బయట కూడా మనం అదే ప్రతిజ్ఞ చేసిన వాళ్లమే.

పిండికట్టు విప్పిన తరువాత ఏప్రిల్‌లో పెద్దాయన నుండి ఒక కార్డు వచ్చింది, చక్కని తెలుగు అక్షరాలలో. కర్ర సహాయంతో సముద్రం దాకా వెళ్లగలుగుతున్నాడట. మిత్రుని అడుగులు పొడుగు గనుక మేము చెప్పిన కొలత తప్పట.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి పట్టణం నీట మునిగిందని వార్తలలో విని ఇద్దరమూ అదే పనిగా ఫోను చేశాము. రెండవనాటికి గాని దొరకలేదు. అరుగు దాకా నీళ్లు వచ్చాయని, ఎదురింటివారిని కూడా తమ మేడ గదిలోనే ఉంచుకున్నామని చెప్పాడు. సైకిలు మాటేమిటని అడిగాము.

"ఆయ్, నీళ్లలో మునిగిందండి. చక్రం మాత్రం తిన్నగానే ఉంది."